రొయ్యల గుంటల దగ్గర కేబుల్, మోటార్ల దొంగతనం: కెమెరా కంటే ముందు పెట్టుకోవాల్సినవి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను. విడవలూరు మండలంలో సముద్రం వైపు మీకు మూడు రొయ్యల గుంటలు ఉన్నాయి, మొత్తం ఐదెకరాలు. నాలుగు నెలల్లో రెండుసార్లు కేబుల్ కోసుకుపోయారు. ఒకసారి రెండు ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) మోటార్లు విప్పుకుపోయారు. కాపలా మనిషి ఉన్నా జరిగింది. బంధువొకాయన నాలుగు సోలార్ కెమెరాలు పెట్టించమంటున్నారు. ఆ డబ్బు పెట్టాలా, వేరే దారి ఉందా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆ డబ్బు ముందుగా కెమెరాల మీద పెట్టకండి. తీగ తెగిన క్షణంలోనే మోగే అలారం మొదట పెట్టండి. తర్వాత గట్టు మీది రాగి కేబుల్ తీసేసి అల్యూమినియం వేయించండి. ఆ తర్వాత మోటార్లకు గుర్తులు, గట్టి బిగింపు. ఇవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే ఒక్క కెమెరా చాలు. అది కూడా గుంట మీద వద్దు, మీ గుంటలకు వచ్చే దారి మీద పెట్టండి.

నేను ఇరవై రెండేళ్లుగా నెల్లూరులో ఈ పనిలో ఉన్నాను. మొదటి పదేళ్లు మోటార్ రీవైండింగ్, అంటే కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టడం, ఆ తర్వాత అలారాలు, ఆటో స్టార్టర్లు బిగించడం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో నేను నడవని గుంట గట్లు తక్కువ. కాబట్టి ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు.

కెమెరా ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే, రొయ్యల రైతుకు కేబుల్ దొంగతనంలో నిజంగా పోయేదేమిటో ముందు చూడాలి. కొన్నేళ్ల కిందట అల్లూరు వైపు నుంచి ఒక రైతు తెల్లవారుజామున ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి బాగా తెల్లారింది. స్టార్టర్ బోర్డు నుంచి గట్టు మూల వరకు ఎనభై మీటర్ల కేబుల్ లేదు. బోర్డు దగ్గర జానెడు ముక్క వేలాడుతోంది. మూడు తీగలూ ఒకే చోట కాకుండా, ఒక్కొక్కటీ వేలెడు ఎడంగా తెగి ఉన్నాయి. అంటే కోసినవాడికి పని తెలుసు, మూడూ ఒకేసారి కత్తిరిస్తే కలిసి మెరుస్తాయని తెలుసు. గుంట అంచున కొంగలు బారులు తీరి ఉన్నాయి. రొయ్యలు గట్టు వారకు వచ్చి నీటి పైన తేలుతున్నాయి. ఆ రైతు భార్య ఒక రొయ్యను అరచేతిలో పెట్టుకుని చూస్తూ నిలబడ్డారు, ఎవరితోనూ మాట్లాడలేదు. పంట పట్టడానికి ఇంకా పదిహేను రోజులే ఉంది.

పోయిన కేబుల్ విలువ వేలల్లో ఉంటుంది. పోయిన పంట లక్షల్లో. పగలు నీటిలోని పచ్చటి పాచి ప్రాణవాయువు ఇస్తుంది. రాత్రి అదే పాచి, రొయ్యలు, అడుగున ఉన్న మడ్డి అన్నీ కలిసి ఆ ప్రాణవాయువునే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. వనామి రకం రొయ్యకు లీటరు నీటికి 4 మిల్లీగ్రాముల పైన ఉండాలని మీకు తెలిసిందే. పంట చివరి రోజుల్లో, గుంట నిండా ఎదిగిన రొయ్య ఉన్నప్పుడు, ఏరియేటర్లు ఆగితే మీ చేతిలో ఉండేది కొద్ది గంటల సమయం, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఆ సమయంలోపు మీకు తెలిస్తే జనరేటరుకు వేరే తీగ లాగి పంటను బతికించుకోవచ్చు. దొంగ ముఖం మరునాడు ఫోనులో కనబడితే ఆ పంట తిరిగి రాదు.

మరి అల్లూరులో ఆ కాపలా మనిషికి ఎందుకు తెలియలేదు? ఏరియేటర్ల చప్పుడులో నిద్రపోయే మనిషి ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తాడు, ఇది నేను కళ్లారా చూశాను. కానీ ఆ రాత్రి వాన. షెడ్డు మీద సిమెంటు రేకులు. పైగా దొంగ మెయిన్ ఆపలేదు, ఆ ఒక్క గుంట స్విచ్ మాత్రం దించాడు. మిగిలిన రెండు గుంటల్లో ఏరియేటర్లు తిరుగుతూనే ఉన్నాయి. రెండు గుంటల మోతలో మూడో గుంట మౌనం ఎవరికీ వినబడదు. మీకూ మూడు గుంటలే కాబట్టి ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

తీగ తెగితే మోగే ఏర్పాటు

మీ దగ్గర ఇప్పటికే ఉన్న ఆటో స్టార్టరో, కరెంటు పోతే కూసే అలారమో ఈ పనికి చాలదు. అది సరఫరా పోయిందా లేదా అన్నదే చూస్తుంది. స్టార్టర్ తర్వాత గట్టు మీద తీగ ఉందో లేదో దానికి తెలియదు. కొన్ని మొబైల్ స్టార్టర్లు మోటారు లాగే కరెంటు తగ్గినా ఫోన్ చేస్తాయి, అవి కొంత మేలు. కానీ దొంగ స్విచ్ దించేస్తే, పంట లేక మోటార్లు ఆపి ఉంటే, అవీ మూగబోతాయి.

కావలసింది ఇది. ప్రతి కేబుల్ వెంట ఒక సన్నని రెండు తీగల వైరు వేయండి. దాని రెండో కొసన, అంటే ఏరియేటర్ దగ్గర, ఒక రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగం) అతికించి గాలి, నీరు చొరకుండా మూసేయండి. ఇటు కొస షెడ్డులోని అలారం ప్యానెల్‌కు వస్తుంది. ప్యానెల్ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తూ, ఆ వైరులోకి కొద్దిపాటి కరెంటు పంపుతూ ఉంటుంది. వైరు తెగితే కరెంటు ఆగుతుంది, సైరన్ మోగుతుంది. తెలిసినవాడెవడైనా ముందే రెండు తీగలూ కలిపేసి మోసం చేద్దామనుకుంటే రెసిస్టర్ లెక్క తప్పుతుంది, అప్పుడూ మోగుతుంది. ప్యానెల్‌ను బట్టి 2.2, 4.7 లేదా 10 కిలో ఓముల రెసిస్టర్ అడుగుతుంది. అది ప్యానెల్‌తోనే వస్తుంది. చాలామంది మెకానిక్కులు పని తేలికగా ఉంటుందని దాన్ని ప్యానెల్ పెట్టెలోనే బిగించి వెళ్లిపోతారు. అలా చేస్తే ఆ రెసిస్టర్ ఉన్నా లేనట్టే. అది తీగ చివర ఉండాలి. మీరు పక్కన నిలబడి చూసుకోండి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1853లో అమెరికాలో అగస్టస్ పోప్ అనే ఆయన విద్యుత్ దొంగ అలారానికి పేటెంట్ తీసుకున్నారు. అందులో తలుపు తెరిస్తే సర్క్యూట్ కలిసి గంట మోగేది. ఆ పద్ధతిలో ఒక లోపం ఉంది. దొంగ ముందే తీగ తెంపితే గంట మోగదు. దాన్ని తిరగేసి, ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండాలి, ఆగితే మోగాలి అన్న పద్ధతి తర్వాత స్థిరపడింది. బ్యాంకులో పెట్టినా బంగారం కొట్టులో పెట్టినా నేటికీ అదే. పోయేది తీగే అయిన మనకు ఇది మరీ అతికినట్టు సరిపోతుంది.

ప్యానెల్ కొనే స్తోమత లేకపోతే ఒక 12 వోల్టుల రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్) ఇదే పని చేయించవచ్చు. రిలే కాయిల్‌కు వెళ్లే కరెంటును ఆ తీగ చుట్టూ తిప్పి తెస్తాం. తీగ తెగితే రిలే పడిపోతుంది, దాని రెండో కాంటాక్టు సైరన్‌ను కలుపుతుంది. రెసిస్టర్ కాపలా ఇందులో ఉండదు, కానీ చీకట్లో కంగారుగా వచ్చినవాడికి ఇది చాలు. తోటపల్లిగూడూరు వైపు ఒక రైతుకు రిలే, బ్యాటరీ, చార్జర్, సైరన్‌తో ఇలా బిగించాను. ఖర్చులో పెద్దభాగం వైరుకే అయింది. నాలుగేళ్లుగా పని చేస్తోంది, రెండోసారి బ్యాటరీ మార్చాం.

ఇక్కడ కొన్ని జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే తప్పుగా వేసిన తీగ దొంగతనం కంటే ప్రమాదం. 415 వోల్టుల కేబుల్ ఉన్న పైపులోనే పలుచటి టెలిఫోన్ వైరు దూర్చకండి. ఒరుసుకుని పొర పోతే షెడ్డులో ప్యానెల్ ముట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. వేరే పైపు వేసి, రెండు పైపుల్నీ అడుగడుక్కీ కలిపి కట్టండి. పెద్ద కేబుల్ లాగాలంటే చిన్నది తెగకుండా కుదరనట్టు ఉండాలి. ఒకదానితో ఒకటి మెలివేసిన తీగ వాడండి. పక్కపక్కన పోయే తీగల్లో పెద్ద కేబుల్ ప్రభావంతో అక్కర్లేని కరెంటు పుట్టి ప్యానెల్ తికమక పడుతుంది. వైరు చివరి మీటరును మోటారు చుట్టూ ఒక చుట్టు తిప్పి కట్టారంటే మోటారుకూ అదే కాపలా. మోటారు ఎత్తాలంటే దాన్ని తెంపాల్సిందే.

బ్యాటరీ సంగతి. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల మామూలు సీల్డ్ బ్యాటరీ చాలు. ప్యానెల్ 100 మిల్లీ ఆంపియర్లు లాగితే కాగితం మీద 70 గంటలు వస్తుంది, నిజానికి రెండు రోజులు అనుకోండి. తుపాను వచ్చి స్తంభాలు పడితే అంతకంటే ఎక్కువ రోజులే కరెంటు ఉండదు కాబట్టి జనరేటర్ నడిపినప్పుడు చార్జరు దాని మీదకు వచ్చేలా కలపండి. మన ఎండలకు ఈ బ్యాటరీలు రెండు మూడేళ్ల కంటే బతకవు. బిగించిన తేదీ దాని మీదే రాసిపెట్టండి.

ఫోన్ చేసే పెట్టె, సైరన్

సైరన్ ఒక్కటీ షెడ్డులో పెడితే సగం పనే. నేను రెండు పెడతాను. ఒకటి కాపలా మనిషి తల దగ్గర. రెండోది ఎత్తయిన స్తంభం మీద ఇనుప జాలీ పెట్టెలో, పక్క గుంటల వాళ్ల వైపు తిప్పి. ఒకటి విరగ్గొట్టినా రెండోది మోగుతుంది.

దానితోపాటు సిమ్ వేసిన డయలర్ పెట్టుకోండి. తీగ తెగగానే కాపలా మనిషికి, మీకు, మీ అబ్బాయికి, పక్క గుంట రైతుకు వరుసగా ఫోన్ చేస్తుంది. ఇందులో ఎక్కువమంది దెబ్బ తినేది రెండు చోట్ల. ఒకటి, నెట్‌వర్క్. బజారులో తక్కువ ధరకు దొరికే డయలర్లు చాలావరకు 2జీ మీద నడుస్తాయి. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ అందులో పనిచేయదు. వేరే కంపెనీ సిమ్ వేయండి, లేదా 4జీ డయలర్ అని అడిగి తీసుకోండి. కొనేముందు మీ ఫోను పట్టుకుని ఆ షెడ్డులోనే నిలబడి ఏ కంపెనీ సిగ్నల్ నిలకడగా ఉందో చూడండి. సముద్రం దగ్గర ఊళ్లో ఉన్న సిగ్నల్ గట్టు మీద ఉండదు. రెండు, రీఛార్జి. అలారం పనిచేయలేదని నన్ను పిలిచిన చోట్ల ఎక్కువసార్లు నేను కనిపెట్టిన జబ్బు గడువు తీరిన సిమ్. ఆ సిమ్ ఎవరి చేతిలోనూ ఉండదు, ఎవరికీ గుర్తుండదు. మీ ఫోనుకు రీఛార్జి చేసిన రోజే దానికీ చేయండి. నెలకోసారి మీరే తీగ ఊడదీసి, మోగిందో లేదో, ఫోన్ వచ్చిందో లేదో పరీక్షించండి.

ఊరికే మోగడం కూడా దొంగకు సాయమే. పందికొక్కులు వైరు కొరుకుతాయి, కూలీల పార తగులుతుంది, వానకు అతుకుల్లో నీరు దిగుతుంది. నాలుగు రాత్రులు ఉత్తినే మోగితే అయిదో రాత్రి ఎవరూ లేవరు, 'నాన్నా పులి' కథే. అందుకని అతుకులు తక్కువ పెట్టించండి, ఉన్న ప్రతి అతుకునూ నేలలో కాకుండా పైన పెట్టెలో ఉంచండి. ఉత్తినే మోగిన ప్రతిసారీ కారణం కనిపెట్టేదాకా వదలకండి.

కదలిక పట్టే సెన్సార్లు, అంటే మనిషి ఒంటి వేడిని బట్టి పనిచేసేవి, గుంటల మీద వద్దు. అవి చుట్టూ ఉన్న వేడికీ కదిలే ఒంటి వేడికీ మధ్య తేడాను పడతాయి. రోహిణి కార్తెలో గాలి వేడి మనిషి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు ఆ తేడా తగ్గి మనిషిని సరిగా పట్టవు. చలికాలం రాత్రుల్లో కుక్కకూ మోగుతాయి. నాలుగు గోడల మధ్య, మేత గోదాములోనైతే బాగా పనిచేస్తాయి.

రాగి ఉన్నంతకాలం వస్తూనే ఉంటారు

అలారం దొంగను తరిమేస్తుంది కానీ ఆశను తీసేయదు. ఆశ రాగి మీద. లెక్క చూడండి. 4 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల రాగి కేబుల్ 100 మీటర్లలో సుమారు 10.7 కిలోల రాగి ఉంటుంది. అదే పనికి 6 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం వేస్తే 4.9 కిలోల లోహమే ఉంటుంది. కిలో ధరలో అల్యూమినియం రాగికి ఎంత దూరమో మీకు తెలుసు. రాత్రంతా బురదలో పడి లాగినా కూలి గిట్టదు.

అల్యూమినియం రాగిలో దాదాపు 60 శాతమే కరెంటు మోస్తుంది. అందుకే ఒక సైజు పెంచాలి, దూరం ఎక్కువైతే వోల్టేజి పడిపోకుండా ఇంకా పెంచాలి. వేసేది ఆర్మర్డ్ కేబుల్ అయితే మరీ మంచిది. లోపలి ఉక్కు తీగల వరస కటింగ్ ప్లేయరుకు లొంగదు, హాక్సా రంపం కావాలి, సమయం పడుతుంది, చప్పుడవుతుంది. ఆ ఉక్కు వరసను రెండు వైపులా తప్పకుండా ఎర్త్ చేయించండి. రెండున్నర అడుగుల లోతున పూడ్చి, పైన ఇటుకలు పరిచి మట్టి కప్పండి.

ఒక హెచ్చరిక. ఉప్పు గాలిలో అల్యూమినియం కొసను రాగి కొసతో నేరుగా మెలిపెట్టి టేపు చుడితే ఆరు నెలల్లో అతుకు తినేసి కాలిపోతుంది. రెండు లోహాలకూ పనికొచ్చే లగ్గులు (తీగ కొసకు బిగించే లోహపు ముక్కలు) వేసి, నట్టు బోల్టుతో బిగించి, పైన గ్రీజు పూయాలి. గట్టు అంచు నుంచి ఏరియేటర్ దాకా నీటి మీద ఊగే ముక్క మాత్రం మెత్తటి రాగి కేబులే ఉండాలి, అల్యూమినియం అక్కడ విరిగిపోతుంది. ఆ కొద్ది మీటర్లే మీరు కాపాడుకోవాల్సిన రాగి.

మోటార్లు

కేబుల్ పోతే దొరకదు. పొర కాల్చేసి తూకానికి వేస్తారు, నల్లబడిన రాగి ముద్దను చూసి ఇది ఫలానా వారిదని ఎవరూ చెప్పలేరు. మోటారు అలా కాదు. అది మోటారుగానే చేతులు మారుతుంది, కాబట్టి గుర్తు ఉంటే దొరుకుతుంది.

రీవైండింగ్ చేసే రోజుల్లో ఒకతను రెండు హార్స్‌పవర్ మోటారు తెచ్చి కాయిల్ చూడమన్నాడు. పేరు పలక లేదు. అది ఉండాల్సిన చోట రెండు రివెట్టు రంధ్రాలు కొత్తగా తొలిచి, అంచుల్లో లోహం ఇంకా మెరుస్తోంది. పాత మోటారుకు తుప్పు పట్టని రంధ్రం ఎలా వస్తుంది? బిల్లు తెమ్మన్నాను. తెస్తానని వెళ్లినవాడు మళ్లీ రాలేదు. మోటారు కాలి అడుగుభాగంలో, పెయింటు కింద, సుత్తితో కొట్టిన మూడు అక్షరాలు ఉన్నాయి. పోలీసులకు చెప్పాను. ఆ అక్షరాలను బట్టే పదిహేను రోజుల్లో అసలు రైతు వచ్చి తీసుకెళ్లారు. ఆయన మోటారును తడిమి చూసుకున్న తీరు నాకింకా గుర్తుంది.

అందుకని హార్డ్‌వేర్ కొట్టులో అక్షరాల పంచ్ సెట్టు కొనండి. ప్రతి మోటారు, ప్రతి గేర్‌బాక్సు మీద మీ గుర్తు రెండు చోట్ల కొట్టండి, ఒకటి కనబడేలా, ఒకటి కాలి అడుగున. రెక్కలున్న చోట, బేరింగు దగ్గర కొట్టకండి, పోత ఇనుము పగులుతుంది. పేరు పలక, సీరియల్ నంబరు, మీ గుర్తు ఫోటోలు తీసి బిల్లులతో కలిపి ఇంట్లో ఉంచండి. ఫోటోలు మీ ఫోనులోనూ మరొకరి ఫోనులోనూ ఉండాలి.

బిగింపు సంగతికి వస్తే, మోటారును పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే, ఒక స్పానరుతో అయిదు నిమిషాల పని. వాటిలో రెండింటికి, బిగించాక తల తెగిపోయే రకం బోల్టులు వేయించండి. మరమ్మతు రోజున గ్రైండరుతో తీయాలి, ఆ శ్రమ మీకు సంవత్సరానికి ఒకసారి. తాళం, గొలుసు వేస్తే ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో వేయండి. మామూలు ఇనుప తాళం మన తీరంలో ఒక వానాకాలానికే బిగుసుకుపోతుంది, మీ తాళం చెవికే లొంగదు.

పంట తీసేశాక మోటార్లు గుంటలో వదలకండి. నాకు తెలిసిన మోటారు దొంగతనాల్లో ఎక్కువ భాగం పంటకూ పంటకూ మధ్యే జరిగాయి. కాపలా మనిషి ఉండడు, కరెంటు ఉండదు, గుంట ఎండి ఉంటుంది, ట్రాలీ నేరుగా దిగుతుంది. ఎంత శ్రమైనా విప్పి ఊళ్లోకి తెచ్చుకోండి.

ట్రాన్స్‌ఫార్మర్ మీది కాదు, డిస్కంది, అంటే కరెంటు పంపిణీ సంస్థది. నెల్లూరులో అది ఏపీఎస్పీడీసీఎల్. అందులో ఆయిల్ ఒలికించి కాయిల్ ఎత్తుకుపోతే మీరు స్తంభం ఎక్కకండి, 1912కు ఫోన్ చేయండి.

కెమెరా ఎక్కడ, ఎలా

కెమెరాను నేను కాదనడం లేదు, దాని చోటు వేరంటున్నాను. గుంట గట్టు మీద పెట్టిన సోలార్ కెమెరా అద్దం మీద పది రోజుల్లో ఉప్పు పొర కడుతుంది. రాత్రి దాని చుట్టూ పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. మరునాడు చూస్తే తెరంతా తెల్లటి దారాలే. పైగా చాలా రకాలు కరెంటు పొదుపు కోసం నిద్రపోతూ, కదలిక తెలిశాక మేల్కొంటాయి. మొదటి కొన్ని క్షణాలు పోతాయి, మీకు దొరికేది వెనుదిరిగిన వీపు. చివరకు కెమెరానే ఎత్తుకుపోయిన చోట్లూ చూశాను.

మీ గుంటలకు బండి వచ్చే దారి ఒకటి ఉంటుంది, పంట కాలువ తూము దగ్గరో, తారు రోడ్డు మలుపు దగ్గరో. వంద మీటర్ల కేబుల్ భుజాన వేసుకుని ఎవరూ ఊరు దాటలేరు, ఏదో ఒక బండి రావాలి. ఆ మలుపులో ఒక కెమెరా, ముఖం కనబడే ఎత్తున, దానికి తోడు ఒక తెల్లటి దీపం పెట్టండి. వారానికోసారి మంచినీళ్లతో తడిపిన మెత్తటి గుడ్డతో అద్దం తుడవమని కాపలా మనిషికి చెప్పండి. అంతే.

చేయకూడనివి రెండు

మీరు ప్రశ్న చివర 'కంచెకు కరెంటు పెడితే ఎలా ఉంటుంది' అని ఒక మాట రాశారు. దయచేసి ఆ ఆలోచనే మానుకోండి. పందుల కోసం పెట్టిన కరెంటు తీగలకు పొలం యజమానులే, వాళ్ల బిడ్డలే బలైన ఇళ్లు మన జిల్లాల్లో ఉన్నాయి. తడి గట్టు మీద 230 వోల్టులు ఎవరినీ వదలదు, దొంగను, మేత వేసే కూలీని, చేపల కోసం వచ్చిన పిల్లవాడిని. ఎన్ని మీటర్ల కేబులైనా ఒక మనిషి ప్రాణానికి సమానం కాదు, చట్టం కూడా దాన్ని ఆత్మరక్షణగా చూడదు. మనిషి చనిపోతే జైలుకు వెళ్లేది మీరు. ఆ డబ్బుతో మీ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు నేలలోకి కారితే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి, అది మీ మనుషులను కాపాడుతుంది.

రెండోది, కాపలా మనిషి గురించి. 'వాడికి తెలియకుండా జరగదు' అని మీ బంధువులు అంటున్నారని రాశారు. మన గుంటల దగ్గర కాపలా ఉండేవాళ్లలో చాలామంది యానాది కుటుంబాల వాళ్లు. ఏది పోయినా మొదటి చూపు వాళ్ల మీదే పడుతుంది, మొదటి దెబ్బ వాళ్ల మీదే పడుతుంది. పుట్టుకతోనే కొన్ని కులాలను నేరస్థులని ముద్ర వేసిన చట్టం 1952లో రద్దయింది, చూపు మాత్రం ఇంకా మారలేదు. నేను అలారం బిగించిన ఒక చోట, అంతకుముందు రెండుసార్లు నింద మోసిన కాపలా మనిషే మూడోసారి సైరన్ మోగగానే టార్చి పట్టుకుని పరుగెత్తాడు. కేబుల్ కట్ట వదిలేసి పారిపోయినవాళ్లు ఎక్కడివాళ్లో తర్వాత తెలిసింది, ఆ ఊరికి సంబంధమే లేదు. నెలనెలా అలారం పరీక్షించేటప్పుడు అతన్ని పక్కన ఉంచుకోండి. డయలర్‌లో మొదటి నంబరు అతనిదే పెట్టండి. ఒక మంచి టార్చి, ఒక రెయిన్‌కోటు కొనివ్వండి. ఒంటరిగా దొంగల మీదికి వెళ్లవద్దని, దూరం నుంచి అరిచి 112కు ఫోన్ చేయమని గట్టిగా చెప్పండి.

ఇప్పటికే పోయినదానికి ఫిర్యాదు ఇచ్చారా లేదా రాయలేదు. ఇవ్వకపోతే ఆలస్యమైనా ఇవ్వండి. మోటార్ల బిల్లులు, సీరియల్ నంబర్లు జత చేయండి. కరెంటు తీగలు, సామగ్రి దొంగతనానికి 2003 విద్యుత్ చట్టంలో 136వ సెక్షన్ విడిగా ఉంది, మూడేళ్ల వరకు జైలు. రెండోసారి దొరికితే ఆరు నెలలకు తక్కువ కాకుండా అయిదేళ్ల వరకు. తీగను యజమాని అనుమతి లేకుండా దొంగతనంగా తీస్తే అది వర్తిస్తుంది. ఫిర్యాదులో ఆ సెక్షన్ ప్రస్తావించమని కోరండి. అలాగే చుట్టుపక్కల రీవైండింగ్ షాపులకూ పాత ఇనుప కొట్లకూ వెళ్లి మీ మోటారు నంబర్లు చీటీ మీద రాసి ఇచ్చి రండి. నా అనుభవంలో తిరిగి దొరికిన మోటార్లలో ఎక్కువ అలాంటి చీటీ వల్లే దొరికాయి.

డబ్బు పెట్టే వరుస మొదట్లోనే చెప్పాను, పని మాత్రం వీలును బట్టి ఈ వరుసలో చేయండి. ఈ వారం పంచ్ సెట్టు తెచ్చి గుర్తులు కొట్టడం, బోర్డుకు తాళం. పది రోజుల్లో తీగ అలారం, డయలర్. పంట తీశాక, గుంటలు ఎండినప్పుడు అల్యూమినియం కేబుల్ పూడ్చడం. కెమెరా ఆ తర్వాత. మీ షెడ్డు నుంచి ఒక్కొక్క గుంట బోర్డుకు ఎన్ని మీటర్లు, ఒక్కో బోర్డు మీద ఎన్ని ఏరియేటర్లు, ఎన్ని హార్స్‌పవర్లవో రాయండి, ఏ సైజు కేబుల్ వేయాలో లెక్క కట్టి చెబుతాను.